స్వాగతం, మధుకర్

సోమవారం ఉదయం మధుకర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి నల్లగండ్లలో బయలుదేరాలి, తొమ్మిదిలోపు మాదాపూర్‌లోని ఆఫీసు చేరాలి, పదకొండింటికి వచ్చే చలపతిరావు గారికి తలుపు తెరిచి చూపించాలి. తలుపు తెరవడమే అతని కంపెనీ అమ్మే సరుకు. తాళంచెవి అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు. వచ్చిన మనిషి ముఖం చూసి గుర్తుపట్టి, పేరు పెట్టి పలకరించి, తనంతట తానే తెరుచుకుంటుంది.

ఉప్మా తింటూ అతను భార్య కళ్యాణికి తన ఫోనులోని వార్తలు చదివి వినిపించాడు. ఏదో పెద్ద కంపెనీ పన్నెండు వందల మందిని ఇంటికి పంపిందట. కంప్యూటర్ల లోకంలో ఏం జరిగినా మధుకర్ దగ్గర ఒక అభిప్రాయం వేడివేడిగా సిద్ధంగా ఉంటుంది. అప్‌డేట్ల పేరు చెప్పి కంపెనీలే పాత ఫోన్లను కావాలని నెమ్మది చేస్తాయన్నది ఒకటి. ఏది పాడైనా రీస్టార్ట్ చెయ్యమనేవాడు డాక్టరు కాదు, కాంపౌండరు అన్నది ఒకటి. సాఫ్ట్‌వేర్ బాగా రాసినవాడికి ఖరీదైన కెమెరాతో పనిలేదన్నది ఇంకొకటి. అన్నింటికన్నా పెద్దది, మనిషికి ముఖాన్ని మించిన తాళంచెవి లేదన్నది. "నా సాఫ్ట్‌వేర్ ఒక మనిషిని చూసి ఇంకో మనిషనుకున్న రోజు నేను ఈ లైన్ ఇడిచిపెడ్త" అని పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, లిఫ్టులో దొరికినవాళ్లకు కూడా చెప్పి ఉన్నాడు.

ఆ ఉదయం మాత్రం అతని గొంతులో ఆ జోరు లేదు. కంపెనీలో ఉన్నది మొత్తం తొమ్మిది మంది. ఈ కాంట్రాక్టు రాకపోతే వచ్చే నెల నుంచి ఆరుగురు సరిపోతారని యజమానురాలు జయలక్ష్మి గారు చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా చెప్పారు. పోయే ముగ్గురూ ఎవరో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, తలుపు సాఫ్ట్‌వేర్ రాసింది మధుకర్, అవినాష్, సాయిచంద్. చలపతిరావు గారికి రెండు రాష్ట్రాల్లో పేరున్న గుడి ఉన్న ఊళ్లన్నింటిలో యాత్రికుల లాడ్జీలున్నాయి. అంటే కొన్ని వేల తలుపులు. ఎనిమిది కంపెనీలు పోటీపడితే మొదటి రౌండ్లో నాలుగు మిగిలాయి, వాటిలో వీళ్లదొకటి. మిగిలిన మూడూ పోయిన వారమే తమ తలుపులు చూపించి వెళ్లాయి.

ఆ మొదటి రౌండుకూ, సోమవారం ఉదయం మధుకర్ నెత్తిమీద ఒక్క వెంట్రుకైనా లేకపోవడానికీ సూటి సంబంధం ఉంది. కొడుకు ఉద్యోగం ఊగుతోందని అతను చెప్పకుండానే పసిగట్టిన తల్లి భాగ్యమ్మ, మొదటి రౌండు గట్టెక్కితే అతని తలనీలాలు ఇస్తానని వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. గట్టెక్కింది. అసలు కాంట్రాక్టు చేతికొచ్చాక తీరిగ్గా పోదామని మధుకర్ అంటే ఆమె వినలేదు. "నేను మొక్కింది మొదటిదానికే బిడ్డా. అది ఆయన చేసిపెట్టిండు. పాతది తీర్చకుండ రెండోదానికి ఏ మొఖం పెట్టుకొని అడగాలె?" అంది. ఇరవై ఏళ్ల ఇంజనీరింగు అనుభవం ఆ తర్కం ముందు పనికిరాలేదు.

ఆదివారం తెల్లవారుజామున కారు బయలుదేరేటప్పుడు వెనక సీట్లు ఖాళీగా ఉండటంతో అవినాష్, సాయిచంద్ కూడా దర్శనానికని ఎక్కారు. తీరా కళ్యాణకట్ట దగ్గర మధుకర్ తల వంచి కూర్చోగానే అవినాష్‌కు కొత్త భయం పట్టుకుంది. మొక్కు తీర్చిన మధుకర్ గారి ఉద్యోగం నిలిచి తనది పోతే ఎలా? వెంటనే వెళ్లి టికెట్ తీసుకున్నాడు. ఆ ఇద్దరి పక్కన తానొక్కడూ నిండు క్రాఫుతో నిలబడితే దేవుడి కంట్లో పడతానని సాయిచంద్ కూడా కూర్చున్నాడు. మీసాలు, గడ్డాలు కూడా పోయాయి. భాగ్యమ్మ దగ్గరుండి ముగ్గురి నెత్తులకూ గంధం రాసింది. గుడి బయట ఫోటో తీద్దామని మధుకర్ ఫోను తీస్తే, అది అతని ముఖం చూసి తెరుచుకోలేదు. ఫోన్ల కెమెరాలు నాసిరకమని, ఎండకు తట్టుకోవని, మనవాటి సంగతి వేరని చెప్పి, అతను నంబరు కొట్టి తెరిచాడు.

సోమవారం తొమ్మిదికి పది నిమిషాల ముందు మధుకర్ మూడో అంతస్తులోని ఆఫీసు ముందు నిలబడ్డాడు. గాజు తలుపు, పక్కన గోడకు అరచేయంత తెర, దానిపైన చిన్న కెమెరా. ఆ తలుపుకు పాత తాళం పీకించింది మధుకరే. మన సరుకు మనమే వాడకపోతే ఇంకెవరు కొంటారని వాదించి, అందరి కార్డులూ చెత్తబుట్టలో వేయించాడు. అవసరానికి తలుపు తెరిచే బటన్ ఒకటి వాచ్‌మన్ పోచయ్య బల్ల కింద ఉంది. యంత్రం కాదన్నవాణ్ణి ఎట్టి పరిస్థితుల్లోనూ రానివ్వద్దని, చివరికి తానే వచ్చి బతిమిలాడినా బటన్ నొక్కొద్దని అతను పోచయ్యకు ఒకటికి మూడుసార్లు చెప్పి ఉన్నాడు.

"క్షమించండి. మీరెవరో తెలియలేదు" అంది తలుపు.

ఆ వాక్యం రాసింది కూడా మధుకరే. రాసినప్పుడు ఎంతో మర్యాదగా ఉందనుకున్నాడు. గంధం అడ్డొస్తోందేమోనని రుమాలుతో నుదురు తుడుచుకుంటూ మళ్లీ నిలబడ్డాడు. మళ్లీ అదే మర్యాద. మూడోసారి కళ్లద్దాలు తీసి, కాస్త నవ్వి చూశాడు. మూడుసార్లు కుదరకపోతే పది నిమిషాలపాటు ఎవరినీ చూడకుండా మూసుకుపోవాలని, వచ్చినవాడి ఫోటో యజమానికి పంపాలని నియమం పెట్టింది కూడా అతనే. తలుపు నియమం తప్పలేదు.

మధుకర్ పోచయ్య వైపు తిరిగి, తానేనని, బటన్ నొక్కమని చెప్పాడు. పోచయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"గొంతు మీదే సారు. గని మీరే వచ్చి బతిమిలాడినా తెరవొద్దని మీరే చెప్పిండ్రు గద. ఇప్పుడు మీరు మధుకర్ సార్ కాకుంటే తెరవొద్దు. మధుకర్ సారే అయితే అసలే తెరవొద్దు."

ఇందులో తప్పు పట్టడానికి మధుకర్‌కు ఏమీ కనిపించలేదు. తన జీవితంలో తన మాటను అక్షరం పొల్లుపోకుండా పాటించిన మొదటి మనిషి పోచయ్యే, అదీ ఇవాళే.

ఈలోగా, అతను రెండోసారి నిలబడ్డప్పటి ఫోటో జయలక్ష్మి గారికి చేరింది. నిగనిగలాడే గుండు, సగం ముఖానికి అడ్డంగా రుమాలు. ఆమె వెంటనే పోచయ్యకు ఫోను చేసి, ఎవడో లోపలికి దూరాలని చూస్తున్నాడని, ల్యాప్‌టాప్ దొంగ అయ్యుంటాడని, తాను వచ్చేదాకా కదలనివ్వొద్దని చెప్పారు. అప్పుడే మధుకర్ ఆమెకు ఫోను చేసి అది నేనేనండీ అని ఒక్క ముక్క చెబితే కథ అక్కడితో ఆగిపోయేది. నంబరు దాకా వేలు వెళ్లింది. కానీ ఆ ముక్క వెనకే, నేను రాసిన సాఫ్ట్‌వేర్ నన్నే గుర్తుపట్టడం లేదన్న రెండో ముక్క కూడా చెప్పాలి. చలపతిరావు గారు రావడానికి రెండు గంటల ముందు ఆ మాట చెప్పడానికి అతనికి నోరు రాలేదు. వేలు వెనక్కి వచ్చేసింది.

పావుగంటలో టోపీతో అవినాష్, టోపీ లేకుండా సాయిచంద్ వచ్చారు. పది నిమిషాల ఎడంతో, ఒకరి తర్వాత ఒకరు మూడేసిసార్లు నిలబడ్డారు. మూడేసిసార్లు తలుపు మర్యాదగా క్షమాపణ చెప్పింది. మరో రెండు గుండ్ల ఫోటోలు జయలక్ష్మి గారికి వెళ్లాయి. అప్పటికి ఆమె చలపతిరావు గారిని తీసుకురావడానికి ఆయన దిగిన హోటల్‌కు చేరారు. వచ్చింది ఒకడు కాదు, ముఠా అని ఆమెకు అర్థమైంది. పెద్దమనిషి పక్కనుండగా పోలీసుల మాట ఎత్తితే మన తలుపుల మీద ఆయనకేం నమ్మకం కుదురుతుందని ఆలోచించి, ముగ్గురినీ బెంచీమీద కూర్చోబెట్టి కాపలా కాయమని పోచయ్యకు గుసగుసగా చెప్పారు. పోచయ్య కూర్చోబెట్టాడు. కాసేపటికి మూడు చాయ్‌లు కూడా తెప్పించాడు. కదలనియ్యొద్దన్నారు గాని, చాయ్ ఇయ్యొద్దనలేదని అతని వాదన.

పదింటికి రోహిణి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం ఆమె పని, చేరి రెండు నెలలైంది. తలుపు ఆమెను చూడగానే "స్వాగతం, రోహిణి" అని తీయగా తెరుచుకుంది. గొంతు విని, బ్యాగు చూసి ఆమె మధుకర్‌ను గుర్తుపట్టింది. అతను జరిగింది చెప్పి, లోపలికి వెళ్లి తన కొత్త ముఖాన్ని నమోదు చెయ్యమన్నాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ వెళ్లి, తలుపు కెమెరాతోనే అతని ఫోటో తీసి ఎక్కించింది. మధుకర్ ఊపిరి బిగపట్టి తెర ముందు నిలబడ్డాడు.

"స్వాగతం, మధుకర్."

ఆ క్షణంలో అతనికి ఎంత హాయిగా అనిపించిందంటే, కాసేపు లోపలికి పోవడం మర్చిపోయి అక్కడే నిలబడిపోయాడు. ఇంకా గంట సమయం ఉంది. మిగిలిన ఇద్దరి ముఖాలూ ఇలాగే ఎక్కించేస్తే చలపతిరావు గారికి ఏమీ తెలియదు. ఆ సంగతి చెప్పేలోపే తొందరపాటు మనిషి అవినాష్ టోపీ తీసి తెర ముందుకు వచ్చేశాడు.

"స్వాగతం, మధుకర్" అంది తలుపు.

వెనకే సాయిచంద్ భయంభయంగా తల పెట్టాడు. "స్వాగతం, మధుకర్." ముగ్గురూ లోపలికి పోయాక పోచయ్య రిజిస్టర్ తెరిచి, యంత్రం చెప్పింది చెప్పినట్టు, మధుకర్ అని ఒకదాని కింద ఒకటి మూడుసార్లు రాసుకున్నాడు.

లోపల రోహిణి తన ల్యాప్‌టాప్‌ను మధుకర్ వైపు తిప్పింది. ఆమె రాసిన తప్పుల జాబితాలో నలభై ఒకటోది. జుట్టు, మీసం తీసేసిన మనిషిని యంత్రం గుర్తుపట్టడం లేదని, కొత్తగా నమోదు చేస్తే అలాంటివాళ్లందరినీ ఒకే మనిషి అనుకుంటోందని పది రోజుల కిందటే రాసింది. దాని కింద మధుకర్ జవాబు ఉంది: 'అరుదైన సందర్భం. పట్టించుకోనక్కర్లేదు.' ఆ పక్కనే, మూసివేయబడింది అని ఉంది.

"మా నాయన, మా చిన్నాయన యాదగిరిగుట్ట పోయొచ్చిన్రు సార్. ఇద్దరి ఫోటోలు పెట్టి చూసిన" అంది రోహిణి.

నామాలు పెట్టుకున్నవాళ్లతో పరీక్షించారు, విభూతి పూసుకున్నవాళ్లతో పరీక్షించారు, కళ్లజోడు, మాస్కు, మంకీ క్యాప్, అన్నీ అయ్యాయి. కానీ చవక కెమెరా చాలన్నది మధుకర్ అభిప్రాయం కదా, ఆ కెమెరాలో మసకగా, చిన్నగా పడే బొమ్మల్లో యంత్రానికి కళ్లూ ముక్కూ సరిగా ఆనలేదు. కొట్టొచ్చినట్టు కనిపించేవి జుట్టూ మీసమూ. ఆరు నెలలపాటు అది బుద్ధిగా నేర్చుకున్నది మనుషుల ముఖాలను కాదు, క్రాఫులను. గుండు చూస్తే దానికి గుండే కనిపిస్తుంది, కింద ఎవరున్నారన్నది దానికి అనవసరం. మధుకర్ కుర్చీలో కూలబడ్డాడు. లిఫ్టులో చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇడిచిపెట్టాల్సిన పని లేదు, సాయంత్రానికి లైనే తనను ఇడిచిపెట్టేలా ఉంది.

ఆలోచించడానికి టైం లేదు. జుట్టున్న మిగతావాళ్లతో తలుపు తెరిపించి చూపించాలని, గుండ్లు మూడూ చలపతిరావు గారు వెళ్లేదాకా కాఫీ మిషను గదిలో దాక్కోవాలని తీర్మానించారు. దాక్కున్నారు. అవినాష్ ఎందుకైనా మంచిదని టోపీ పెట్టుకున్నాడు.

పదిన్నరకే లిఫ్టు తెరుచుకుంది. ట్రాఫిక్ లేకపోవడం హైదరాబాదులో ఏడాదికొక్కసారి జరుగుతుంది, అది ఆ రోజే జరిగింది. చలపతిరావు గారు అరవై దాటిన మనిషి, చురుకైనవాడు. జయలక్ష్మి గారు బెంచీమీద ముఠా కనిపించక కంగారుగా అటూ ఇటూ చూస్తుండగా, ఆయన కుతూహలంకొద్దీ తానే వెళ్లి తెర ముందు నిలబడ్డారు. తీర్థాలతో, మొక్కులతో సంబంధం లేకుండా, వయసుతోపాటు వచ్చిన నున్నటి బట్టతల ఆయనది, మీసమూ లేదు.

"స్వాగతం, మధుకర్" అంది తలుపు. తెరుచుకుంది కూడా.

జయలక్ష్మి గారు పోచయ్య వైపు తిరిగారు. పోచయ్య లేచి నిలబడి, ఆమెకు వివరంగా చెప్పడం తన ధర్మమనుకున్నాడు.

"ముగ్గురు లోపలున్నరు మేడం. ఈయన నాలుగో మధుకర్ సారు."

కాఫీ మిషను గదిలోకి ఆ మాట స్పష్టంగా వినిపించింది. మధుకర్ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. ఇక దాక్కుని లాభం లేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చాడు, అతని వెనక అవినాష్, అతని వెనక సాయిచంద్. ఫోనులో చూసిన దొంగలు ముగ్గురూ వరసగా నడిచి వస్తుంటే జయలక్ష్మి గారు గోడ పట్టుకున్నారు. రెండోవాడి టోపీ, మొదటివాడి నడక చూశాక గానీ వాళ్లు తన ఉద్యోగులని ఆమెకు తెలియలేదు. చలపతిరావు గారు మాత్రం ఒక్కొక్క గుండునూ, చెవుల వెనక ఇంకా మిగిలిన గంధాన్నీ శ్రద్ధగా చూశారు. ఎప్పుడు చేయించారని అడిగారు. నిన్ననే అన్నాడు మధుకర్. మీ తలుపు గుర్తుపట్టిందా అని అడిగారు. లేదన్నాడు. ఇప్పుడు మిమ్మల్నందరినీ ఒకరే అనుకుంటోందా అని అడిగారు. మిమ్మల్ని కూడా సార్ అన్నాడు.

చలపతిరావు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు. చాలాకాలంగా వెతుకుతున్న వస్తువు తన బీరువాలోనే దొరికిన మనిషిలా ఉన్నారు.

"పోయిన వారం మూడు కంపెనీల తలుపులు చూశానండీ" అన్నారు. "అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. చివర్లో అందరినీ ఒకటే అడిగాను. సాయంత్రం జుట్టుతో వచ్చి గది తీసుకున్న మనిషి, తెల్లారి తలనీలాలిచ్చి తడిబట్టలతో తిరిగొస్తే మీ తలుపు తీస్తుందా అని. సామానూ, పొడిబట్టలూ అన్నీ గదిలోనే ఉంటాయి కదండీ. వాళ్లకి నా మాటే అర్థం కాలేదు. ఒకాయనైతే, అలాంటివాళ్లు ఎంతమందుంటారండీ అన్నాడు. నా దగ్గరికి వచ్చేది వాళ్లేనయ్యా బాబూ అన్నాను. మీరు నేను అడక్కముందే మీ తలలమీద పరీక్ష పెట్టుకున్నారు."

జయలక్ష్మి గారు గోడ వదిలేశారు. అవునండీ, మా వాళ్లకు పనిమీద అంత శ్రద్ధ అని చెప్పడానికి ఆమెకు అరక్షణం చాలింది. మధుకర్ కూడా తల ఊపితే సరిపోయేది. ఊపబోయాడు. ఎదురుగా రోహిణి ల్యాప్‌టాప్‌లో నలభై ఒకటో నంబరు అలాగే తెరిచి ఉంది. రోహిణి అతని వైపు చూడటం లేదు, నేల వైపు చూస్తోంది. అది చూశాక అతని మెడ ఊగలేదు.

"పరీక్ష కాదు సార్. మా అమ్మ మొక్కు" అన్నాడు. "ఈ తప్పు పది రోజుల కిందనే రోహిణి పట్టుకుంది. అవసరం లేదని మూసేసింది నేను."

అవినాష్ మెల్లగా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మొక్కా?" అన్నారు చలపతిరావు గారు. "అయితే మరీ మంచిది. నా లాడ్జీలకు వచ్చేవాళ్లు మొక్కుకేగా వచ్చేది, పరీక్షకు కాదుగా. బయట నిలబడితే ఎలా ఉంటుందో మీకు తెలిసొచ్చింది. ఆ మిగతా కంపెనీలవాళ్లకు నేనెంత చెప్పినా తెలియదు. ఇది బాగుచెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

ఆయన అడిగింది మధుకర్‌ను, జవాబు చెప్పింది రోహిణి. మంచి కెమెరా పెడితే మూడు వారాలంది. చవక కెమెరా మీద మధుకర్‌కు ఇరవై నిమిషాలు మాట్లాడగలిగినంత అభిప్రాయం ఉంది. దాన్ని మంచినీళ్లతో సహా మింగేశాడు.

మూడు గంటలకు కాంట్రాక్టు మీద సంతకాలయ్యాయి. తొమ్మిది మందీ తొమ్మిది మందిగానే ఉంటారని జయలక్ష్మి గారు అందరినీ పిలిచి చెప్పారు. ఆ తర్వాత ముగ్గురి ఫోటోలూ వాళ్లకు చూపించి మరీ తుడిచేశారు. మధుకర్‌కు నెలల తరబడి గుండెలమీద పెట్టుకున్న బండ ఎవరో దించినట్టయింది. కిటికీ దగ్గరికి వెళ్లి ఒంటరిగా నిలబడి రెండు నిమిషాలు ఊరికే ఊపిరి పీల్చుకున్నాడు. లైన్ ఇడిచిపెట్టే సంగతి ఎవరూ అడగలేదు, అతనూ ఎత్తలేదు. బయటికి పోయి పోచయ్యకు చాయ్ తెప్పించి, ఇకనుంచి తాను వచ్చి బతిమిలాడితే మాత్రం తెరవొచ్చని చెప్పాడు. ఆ మాట రాసిమ్మన్నాడు పోచయ్య.

తర్వాత తల్లికి ఫోను చేశాడు. ఉద్యోగం నిలిచిందమ్మా అన్నాడు. అవతల భాగ్యమ్మకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

"నాకు ఎరుకే బిడ్డా. నిన్న గుళ్లె నిలబడ్డప్పుడే రెండోదానికి మొక్కిన" అంది.

ఏం మొక్కావని అడిగాడు మధుకర్, చెయ్యి అప్రయత్నంగా నెత్తిమీదికి పోతుండగా.

"మళ్ల తలనీలాలే. ఈసారి మీ ముగ్గురి పేర్లు చెప్పిన. పాపం, ఆ పోరగాండ్లు గూడ నమ్ముకొని వచ్చిరి గద."

అతను ఫోను పెట్టేసి, అప్పటిదాకా సరిగా చదవని కాంట్రాక్టు తీశాడు. పదిహేడో షరతును చలపతిరావు గారు తన చేత్తో రాసి చేర్చారు. మూడు నెలలకొకసారి కొత్త వెర్షన్ ఇవ్వాలి, ఇచ్చే ముందు దాన్ని రాసినవాళ్లు ఇప్పుడు చేసినట్టే స్వయంగా పరీక్షించుకోవాలి. మధుకర్ వేళ్లమీద లెక్కవేసుకున్నాడు. మొక్కూ, వెర్షనూ ఒకే గుండుతో తీరిపోయేట్టున్నాయి, అదొక్కటే అతనికి ఊరట.

ఆ సాయంత్రం అతను తయారుచేసిన పనుల పట్టికలో, ముగ్గురి పేర్లకూ ఎదురుగా మొదటి వరుసలో 'జుట్టు పెంచుట, గడువు మూడు నెలలు' అని ఉంది.